పాముచెవులు విన్న స్వరం

పత్రికాఫీసులో నన్ను పాముచెవులు అంటారు. కొత్తగా వచ్చే ఆల్బమ్‌ల గురించి వారం వారం ఒక పేజీ రాస్తాను. సగం హెవీ మెటల్, సగం యాంబియంట్, అంటే తాళమూ మాటలూ లేకుండా మెల్లగా సాగే సంగీతం. మా అక్క భాషలో చెప్పాలంటే సగం గిన్నెలు కిందపడ్డ సంగీతం, సగం ఫ్రిజ్ సంగీతం. తను పక్కగదిలో బట్టలు కుడుతుంది. తన మిషన్ చప్పుడుకి నేనూ, నా చప్పుళ్లకి తనూ ఎప్పుడో అలవాటు పడిపోయాం.

ఈ వారం పేజీలో నేనొకావిడను దొంగని చేశాను. ఆ మాట వాడలేదు గానీ, చదివినవాడికి వేరే అర్థం తోచదు. ఆవిడ నర్సు. డ్యూటీకీ డ్యూటీకీ మధ్య నాలుగేళ్లు కూర్చుని చేసుకున్న మొదటి ఆల్బమ్ అది. యాంబియంట్. మొదటినుంచి చివరిదాకా వెనకాల దారంలా సన్నటి స్వరం ఒకటి సాగుతూ ఉంటుంది. కిందటివారం నేను ఆకాశానికెత్తిన పేరుమోసిన సంగీతకారుడి ఆల్బమ్‌లోనూ అచ్చం అదే స్వరం. 'ఇది ఎవరి సొత్తో ఈ చెవులకు తెలుసు' అని సమీక్ష ముగించాను. అబద్ధమెందుకు, రాసి మురిసిపోయాను కూడా.

పేజీ సాయంత్రం ఐదింటికి ప్రెస్‌కి వెళ్తుంది. మూడున్నరకి, వచ్చేవారం కోసం ఒక హెవీ ఆల్బమ్ పెట్టుకున్నాను. మూడు గిటార్లు, గొంతు చించుకునే మనిషి ఒకడు. మొదటి పాట గోడకి గుద్దుకున్నట్టు ఆగింది. రెండోది మొదలయ్యేలోపు నాలుగు క్షణాల నిశ్శబ్దం. అందులో అదే స్వరం.

వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. ఉంది. హెడ్‌ఫోన్స్ వైరు పీకేశాను. ఉంది. అవి తీసి బల్ల మీద పెట్టాను. అప్పుడూ ఉంది.

"అక్కా, మిషన్ ఆపి ఇలా రా."

"ఏమైందిరా? మొహం అలా పెట్టావేంటి?"

"ఇది విను. వెనకాల సన్నగా ఏదైనా సాగుతోందా?"

నర్సు ఆల్బమ్ పెట్టి హెడ్‌ఫోన్స్ తన తలకి తగిలించాను. మెడలో కొలత టేపుతోనే అక్క కళ్లు మూసుకుని విన్నది. ఉందని చెప్పవే తల్లీ అని మనసులో బతిమాలుకున్నాను.

"వాన పడుతున్నట్టుంది. మధ్యమధ్య గంట. సన్నగా ఏమీ లేదు. బాగుందిరా, నిద్ర ముంచుకొస్తోంది."

"సరిగ్గా విను!"

"నా చెవులకేం? నిన్న కాలింగ్ బెల్ మూడుసార్లు మోగితే తలుపు తీసిందెవరు? నువ్వు గుమ్మం పక్కనే కూర్చున్నావు."

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నా చెవి చెడి నేను ఇంకొకరి పాటని దొంగసొత్తు చేశాను. ఫోన్ తీశాను, మళ్లీ పెట్టేశాను. ఎడిటర్‌గారికి చెప్తే, చెవులు పోయినవాడికి సంగీతం పేజీ ఎవరిస్తారు? పదకొండేళ్లుగా నాకు చేతనైన పని ఇదొక్కటే. చెప్పకపోతే నాకేమీ కాదు, దొంగ ముద్ర ఆ నర్సు మీద పడుతుంది. అలా లెక్కలు వేసుకుంటున్నందుకు నామీద నాకే అసహ్యం వేసింది. అక్క మిషన్ దగ్గరికి వెళ్లకుండా అక్కడే నిలబడింది.

ఐదుకి ఇరవై నిమిషాలుండగా ఎడిటర్‌గారికి ఫోన్ చేశాను. ఆవిడ మామూలుగానే అరిచినట్టు మాట్లాడతారు.

"మేడమ్, ఆ నర్సు ఆల్బమ్ సమీక్ష తీసేయండి."

"పేజీ కట్టేశాక ఇప్పుడేంటయ్యా? కాపీ అని నువ్వే కదా రాశావు!"

"కాదండీ. ఆ స్వరం రెండిట్లోనూ లేదు. నా చెవిలో ఉంది."

అవతల మాట ఆగిపోయింది. కోపమొచ్చిందేమో. పేజీ ఎవరికివ్వాలా అని అప్పుడే ఆలోచిస్తున్నారేమో. నేను ఎదురుచూశాను. స్వరం సాగుతూనే ఉంది, ఆవిడ మాత్రం పలకలేదు. అక్క ఫోన్ వైపూ నా వైపూ వింతగా చూసింది. దగ్గరికొచ్చి, ఫోన్ నా ఎడమచెవి నుంచి తీసి కుడిచెవికి ఆనించింది.

"తీసేశానని మూడుసార్లు చెప్పాను," అంటున్నారు ఎడిటర్‌గారు, ఆవిడ దగ్గర నేనెప్పుడూ వినని మెత్తటి గొంతుతో. "వినిపిస్తోందా?"