నొక్కినవాడిదే పత్రిక

శేషాద్రి మాస్టారి నాలుక తగిలితే మునేటి గట్టున పచ్చగడ్డి కూడా ఎండిపోతుందని నందిగామలో చెప్పుకునేవారు. ఒకసారి ఆయన దారికి అడ్డం పడుకున్న గేదెను తిట్టాడట. ఆ పూట నుంచి అది పాలు మానేసి ఏకంగా పెరుగే ఇచ్చిందట. ఆ పెరుగు తిన్నవాళ్లు ఇంకా ఉన్నారు, కావాలంటే అడిగి చూడండి.

కాలేజీలో తెలుగు శాఖకు ఆయనే పెద్ద. కాలేజీ అచ్చేసే ‘మునేరు’ అనే పరిశోధన పత్రికకు సంపాదకుడు. ఇల్లూ పొలమూ ఉన్నాయి గాని వాటిని ఆయన ఆస్తి కింద జమకట్టేవాడు కాదు. ఆ సంపాదకుడి కుర్చీయే ఆయన ఆస్తి. ఎవరి వ్యాసమైనా తిప్పి పంపేటప్పుడు ఆయన ముఖం పెళ్లికొడుకు ముఖంలా వెలిగిపోయేది.

రెండువేల ఆరులో కాలేజీ కరస్పాండెంటు కొండలరావు ఒక మాట తేల్చేశాడు. ఇకనుంచి కాగితం మీద అచ్చు లేదు. పత్రిక నెట్‌లోనే. అక్కడ సంపాదకుడెవరో వాడే సంపాదకుడు.

పని కంప్యూటర్ లెక్చరర్ వాగ్దేవి చేతికొచ్చింది. పత్రికలు నడిపే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉచితంగా దొరుకుతుంది. వ్యాసాలు చేరడం, పరిశీలకుల దగ్గరికి వెళ్లడం, తిరిగి రావడం, చివరికి వెలుగు చూడడం, అన్నీ అందులోనే. ఆమె దాన్ని అద్దెకు తీసుకున్న సర్వర్ మీదికి ఎక్కించింది. ఇక మిగిలింది చివరి పేజీ. అందులో ఒక పేరూ ఒక పాస్‌వర్డూ కొట్టి, కిందున్న బటన్ నొక్కితే పత్రిక పుడుతుంది. ఆ పేరు గలవాడు దానికి యజమాని అవుతాడు.

"నొక్కేయనా సార్?" అంది వాగ్దేవి.

"ఆగమ్మాయ్! మంచీ చెడ్డా చూసుకోవద్దూ? రేపు ముహూర్తం. కరస్పాండెంటుగారి చేత నొక్కిస్తా, నా పేరు మీద."

"సార్, ఈ పేజీ ఇలా తెరిచి ఉంచకూడదండీ. ఇప్పుడిది లోకంలో ఎవరికైనా కనబడుతుంది. ముందు ఎవరు నొక్కితే వాళ్లదే. ఇవాళే నొక్కి తాళం వేసేద్దాం. రేపు కరస్పాండెంటుగారు ఉత్తినే ఒక బొమ్మ మీద నొక్కుతారు. ఎవరికి తెలుస్తుంది?"

"దేవుణ్ణి ముందురోజే దొంగచాటుగా నిలబెట్టి, మర్నాడు జనం ముందు ఉత్తుత్తి ప్రతిష్ఠ చేస్తారా ఎక్కడైనా?"

"పోనీ, ఈ రాత్రికి ఈ పేజీకి ఒక పాస్‌వర్డ్ పెట్టనివ్వండి."

"గృహప్రవేశం కాని ఇంటికి తాళమేస్తావా? మీ ఇంట్లో పెద్దవాళ్లెవరూ లేరా?"

స్టాఫ్ రూములో అందరూ నవ్వారు. వాగ్దేవి నవ్వలేదు. ఆమె పర్మనెంటు కాగితం మీద ఇంకా ఈయనే సంతకం పెట్టాలి. కంప్యూటర్ కట్టేసి లేచిపోయింది.

ఆ సాయంత్రం మాస్టారు ఆహ్వాన పత్రికలు పంచుతూ జగ్గయ్యపేట బస్టాండులో దిగాడు. వెబ్‌సైట్ పేరు కార్డు మీద బంగారు రంగు అక్షరాలతో అచ్చేయించాడు. అక్కడ మిరపకాయల బస్తా మీద కూర్చుని దశరథరామయ్య కనబడ్డాడు. వేదాద్రి దగ్గరి రైతు. రేవుల గురించీ పడవల గురించీ ఏళ్ల తరబడి వ్యాసాలు రాసి ‘మునేరు’కు పంపుతూ ఉండేవాడు. మాస్టారు కవరు విప్పకుండానే తిప్పి పంపుతూ ఉండేవాడు.

"ఏవయ్యా రామయ్యా, పడవ ఎక్కడిదాకా వచ్చింది? ఒడ్డు కనబడిందా?"

"మీరు చేరనిస్తేగా మాస్టారూ కనబడేది," అన్నాడు దశరథరామయ్య లేచి నిలబడి.

మాస్టారికి సరదా పుట్టింది. చేతికి ఎలుక చిక్కితే పిల్లి తిన్నగా తినదు. కార్డు చేతిలో పెట్టి, బటన్ సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పాడు.

"రేపు పొద్దున్నే వచ్చి ఆఖరి వరసలో కూర్చో. బటన్ నొక్కుతాం. ఇక నీ పడవలు నెట్‌లో కూడా మునుగుతాయి."

"అంటే, ఎవరు నొక్కితే వాళ్లదేనాండీ పత్రిక?"

"నొక్కినవాడిదే! నీకెందుకయ్యా, మిరపకాయలకు బటన్లుండవుగా!"

బస్టాండులో ఉన్నవాళ్లు నవ్వారు. దశరథరామయ్య కూడా నవ్వాడు, కార్డు మడత పడకుండా జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు హాలు నిండిపోయింది. తెర మీద వెలుగు పడింది. మాస్టారు మైకు అందుకుని, ఇది మామూలు ఆరంభం కాదు, ప్రాణప్రతిష్ఠ అన్నాడు. ఒకసారి నిలిపాక కదిలించకూడదన్నాడు. కదిలించిన చేతికి కుష్ఠు వస్తుందని ఎక్కడా లేని శ్లోకం ఒకటి అప్పటికప్పుడు అల్లి చదివాడు. కొండలరావు చెంపలు వేసుకున్నాడు. వచ్చేవారమే ఆయన కొత్త పాలిటెక్నిక్‌కు శంకుస్థాపన.

వాగ్దేవి వెబ్‌సైట్ తెరిచింది. బటన్ లేదు. పేజీ నిండా పత్రిక ఉంది. పైన ‘మునేరు’. దాని కింద, సంపాదకులు: దశరథరామయ్య. ఇంకా కింద తొలి వ్యాసం: వేదాద్రి రేవులు, పడవలు.

హాలంతా మెడలు సాచి తెర వంక చూసింది. ఆ తర్వాత వెనక వరసల్లో ఎవడో కిసుక్కుమన్నాడు. అంతే, మునేటికి వరదొచ్చినట్టు నవ్వు ముందు వరసదాకా వచ్చి పడింది. మాస్టారి పాఠం వినలేక నిద్రపోయే వెధవలు కూడా ఆవేళ నిటారుగా కూర్చున్నారు.

"చెరిపెయ్! చెరిపెయ్యమ్మాయ్!" మైకు ఇంకా నోటి దగ్గరే ఉందని మాస్టారు మరిచిపోయాడు.

"పది నిమిషాలండీ. మొత్తం తీసేసి మళ్లీ పెడతా," అంటూ వాగ్దేవి కీబోర్డు మీద చెయ్యి వేసింది.

ఆఖరి వరసలో దశరథరామయ్య లేచాడు. "కరస్పాండెంటుగారూ, మా అమ్మాయి గీతాంజలి నిన్న నెట్ సెంటర్లో పక్కన కూర్చుని చెబుతుంటే నొక్కానండీ. వర్జ్యం అదీ లేకుండా సిద్ధాంతిగారిని అడిగే నొక్కా. తీసెయ్యమంటే తీసేస్తా. కాకపోతే మాస్టారే సెలవిచ్చారు కదండీ, నిలిపింది కదిలిస్తే చేతికి ఏదో వస్తుందని."

కొండలరావు తన రెండు చేతులూ చూసుకున్నాడు.

"అమ్మా వాగ్దేవీ, ముట్టుకోమాక!" అని అరిచాడు.

"అయ్యా, అది నేను కల్పించిన శ్లోకమండీ!" అన్నాడు మాస్టారు. అది కూడా మైకులోనే.

ఈసారి నవ్వుకు కప్పు రేకులు లేచి ఎక్కడో గరికపాడు చెక్‌పోస్టు దగ్గర పడ్డాయని చెప్పుకుంటారు. కల్పించావో, నిజంగానే ఉందో, నాకెందుకొచ్చిన గొడవ అన్నాడు కొండలరావు. శంకుస్థాపన ముందు పెట్టుకుని అపశకునం పడనివ్వనంటే పడనివ్వనన్నాడు. రామయ్యగారే సంపాదకులు, సభ ముగిసింది.

దశరథరామయ్య వేదిక ఎక్కాడు. "అమ్మా, ఇహ ఇంకెవరూ దూరకుండా గట్టిగా చెయ్యి," అన్నాడు.

వాగ్దేవి ఆ పని ఎంత శ్రద్ధగా చేసిందనీ! సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫైలు తెరిచి, ఇన్‌స్టాల్ పేజీ మళ్లీ ఎవరికీ రాకుండా మూసింది. వ్యాసాలు దాచే ఫోల్డరును బయటివాళ్లకు అందని చోటికి జరిపింది. ఎవరైనా రాయగలిగే ఫైళ్లను చదవడానికి మాత్రమే వీలయ్యేట్టు మార్చింది. డేటాబేస్‌కు కొత్త పాస్‌వర్డ్ పెట్టింది. ఒక్కో తలుపూ మూసినప్పుడల్లా పక్కనే నిలబడ్డ మాస్టారికి వివరించి మరీ చెప్పింది. ఆయన అడగలేదు.

"నా మాటేమిటమ్మాయ్?" అన్నాడు చివరికి.

"మిమ్మల్ని దేని కింద చేర్చమంటారు సార్? పాఠకుడి కిందనా, రచయిత కిందనా?"

ఆయన కొండలరావు వంక చూశాడు. కొండలరావు జీడిపప్పు నములుతూ గోడ గడియారం వంక చూశాడు.

"రచయిత," అన్నాడు మాస్టారు.

ఆ నెలలోనే ఆయన ఒక వ్యాసం రాసి పంపాడు. పరిశీలనలో ఉంది అని చూపించింది. రోజూ సాయంత్రం బస్టాండు ఎదురుగా ఉన్న నెట్ సెంటరుకు వెళ్లి చూసుకునేవాడు. పరిశీలనలోనే ఉండేది. కొత్త సంచికలు వచ్చాయి, వెళ్లాయి. మిరప తోటల మీదా, మైలవరం సంతల మీదా ఎవరెవరో రాశారు, అన్నీ వచ్చాయి. కాలేజీలో పలకరించేవాళ్లు తగ్గారు.

ఒకరోజు జగ్గయ్యపేట బస్సులో దశరథరామయ్య కనబడ్డాడు. కిటికీ పక్కన కూర్చున్నాడు. మాస్టారికి సీటు దొరకలేదు, పైకడ్డీ పట్టుకుని ఆయన పక్కకే చేరాడు.

"రామయ్యగారూ," అన్నాడు. "నా వ్యాసం..."

"ఏ వ్యాసమండీ?" అన్నాడు దశరథరామయ్య ఎంతో మర్యాదగా.

మాస్టారు వ్యాసం పేరు చెప్పాడు. బస్సు హోరులో వినబడలేదన్నట్టు దశరథరామయ్య చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. మాస్టారు మళ్లీ చెప్పాడు, ఇంకాస్త గట్టిగా. బస్సులో ఉన్నవాళ్లంతా ఇటు తిరిగారు.

"ఇంకొక్కసారి, మాస్టారూ," అన్నాడు దశరథరామయ్య.