పక్క మంచం పిల్లవాడు

కన్యక అతన్ని కొట్టు గడప దాటనివ్వలేదు. జుట్టు సగం నెరిసింది, భుజాలు వంగాయి. నలభై ఐదేళ్లుంటాయనుకుంది. పేరు మునిరత్నమట, ఊరు మాధవరమట. పదిహేనేళ్ల కిందట ఆస్పత్రిలో వెంకట్రామ్ పక్క మంచంలో ఉన్న పిల్లవాణ్ణి తానేనన్నాడు.

వెంకట్రామ్ ఆమె కొడుకు. వాడికి ఇరవై మూడు.

వాడికి రక్త క్యాన్సర్ వచ్చి తగ్గిన సంగతి జార్జి టౌన్‌లో ఎవరికీ తెలియదు. అప్పట్లో నెల్లూరులో అమ్మమ్మ దగ్గర చదువుతున్నాడని చెప్పుకున్నారు. రేపు వాడి నిశ్చితార్థం. పిల్ల ఎదురు కొట్టు గోపాలయ్య మేనకోడలు. ఇన్నేళ్లూ రానివాడు ఇవాళే ఎందుకు వచ్చినట్టు?

"మీకేం కావాల?" అంది.

గోపాలయ్య గోడౌన్‌లో కూర్చుని సరుకు చూసుకునే పని ఖాళీగా ఉందని మునిరత్నం చెప్పాడు. కుర్రవాడు కావాలన్నారు. మునిరత్నం ఇన్నాళ్లూ ఈ సందుల్లోనే బండి లాగాడు. ఇప్పుడు గుండె బలహీనపడింది, బరువులెత్తొద్దన్నారు. గుండెకైనా, ఈ ముసలితనానికైనా చిన్నప్పుడు ఎక్కించిన మందులే కారణం కావచ్చని డాక్టరు అన్నాడట. తనకు ఇరవై మూడేళ్లని చెబితే గోపాలయ్య నవ్వాడట. వయసే అబద్ధం చెప్పేవాడికి తాళం ఎట్లా ఇస్తానన్నాడట. జబ్బుతో బడి ఆగిపోయింది, వయసు చూపడానికి కాగితం లేదు.

"మీ పిల్లోడి ఈడువాణ్ణేనని మీరొక మాట చెబితే చాలమ్మా."

ఎక్కడ చూశారని గోపాలయ్య అడగకుండా ఉంటాడా? ఇతను అంతా తెలిసే వచ్చాడనిపించింది ఆమెకు.

"ఆ పిల్లోడు మీరేనని నేనెట్లా నమ్మేది?"

"సూదేసినాక మీరు వాంతి రాకుండా దబ్బాకు నలిపి వెంకట్రామ్ ముక్కు కాడ పెట్టేవాళ్లు. వాడు చాలన్నాక ఆ ఆకే నాకిచ్చేవాళ్లు." నవ్వాడు. "అప్పటికి వాసన పోయుండేది."

దబ్బచెట్టు పెరట్లో ఇప్పటికీ ఉంది.

"వాడి గుండె కూడా ఒకసారి చూపించండమ్మా. ఇద్దరికీ ఒకే మందు కదా," అన్నాడు.

ఇది మంచికి చెప్పడమా, బెదిరించడమా? ఆమె తేల్చుకునేలోపు వెంకట్రామ్ బ్యాంకులో డబ్బు కట్టి వచ్చాడు.

"ఎవరమ్మా ఈ పెద్దాయన?"

మునిరత్నం తల దించుకున్నాడు.

"మిరపకాయల రేటు కనుక్కుందామని వచ్చినా సార్."

వెంకట్రామ్ మేడ మెట్లెక్కాడు. సగంలో ఆగి గోడకు చెయ్యి ఆనించాడు. వాడు రోజూ అక్కడ ఆగుతాడు. కొట్టులో గద్దె మీద కూర్చుని ఒళ్లు పెంచావని ఆమె రోజూ ఎగతాళి చేస్తుంది. ఇవాళ చేయలేదు. మునిరత్నం కూడా ఆ మెట్ల వైపే చూస్తున్నాడు.

"ఈడనే ఉండు," అని అతనికి చెప్పి, చెప్పులేసుకుని వీధి దాటింది.

సంబంధం కుదిరినప్పటి నుంచి గోపాలయ్య ఆమెను వదినా అంటున్నాడు.

"ఏం వదినా, ఆ ముసలాయన మీ కాడికీ వచ్చినాడా? ఆయనకు ఇరవై మూడంట. నాకింకా పెండ్లి కాలేదని చెప్పుకుంటా నేను కూడా."

"నిజమే చెప్పినాడు. మావోడి ఈడే."

"మీకెట్లా తెలుసు?"

వీధికి అవతల మునిరత్నం అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఎండకు కళ్లు చికిలించి ఇటే చూస్తున్నాడు.

"ఆస్పత్రిలో చూసినా," అంది కన్యక. "మావోడు పక్క మంచంలో ఉండె."

గోపాలయ్య త్రాసు మీది నుంచి చెయ్యి తీశాడు.

"ఏం జబ్బుకమ్మా?"

ఆమె చెప్పింది. గోపాలయ్య మునిరత్నం వైపు చూడలేదు. ఆమె ఇంటి మేడ మీది కిటికీ వైపు చూశాడు.