రెండోసారి పెట్టిన పందెం

ఆ ఏడు ఆటల పోటీలకు తల్లిదండ్రులెవరూ రాకూడదని బడి తీర్మానించింది. పిల్లల ఏకాగ్రత కోసమని పైకి చెప్పారు గానీ అసలు సంగతి ఎవరికి తెలియదు? కిందటేడు కూతురు పరుగుపందెంలో రెండోది వచ్చిందని టైర్ల షాపాయన డ్రిల్లు మాస్టారి చొక్కా పట్టుకున్నాడు. నలుగురూ కలిసి విడిపిస్తే, మిగిలిన కోపం మైదానం నడిమధ్యలో పిల్ల చెంప మీద తీర్చుకున్నాడు. మాస్టారి చొక్కా గుండీలు తెగిన కథ స్టాఫు రూములో నెల్లాళ్ళు నడిచింది. పిల్ల చెంప ఊసెత్తిన మహానుభావుడు ఒక్కడూ లేడు.

ఆ పిల్లను అందరూ మిడత అంటారు. ఒక్క చోట కుదురుగా కూర్చోదు మరి. ఇప్పుడు మూడో తరగతి. ఆ తరగతి టీచరు బడికి కొత్త, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. అందుకే ఎవరూ ఒప్పుకోని పని ఆమె నెత్తిన పడింది. ప్రతి పందెమూ ఫోనులో వీడియో తీసి, అప్పటికప్పుడు తల్లిదండ్రుల గ్రూపులో పెట్టాలి. రావద్దన్నందుకు వాళ్ళు అలిగితే హెడ్‌మేడం కుదిర్చిన రాజీ అది.

గేటుకు తాళం వేసి పోటీలు మొదలుపెట్టారు. చప్పట్లు కొట్టే దిక్కు లేదు. "కొట్టండర్రా, చప్పట్లు కొట్టండి!" అని డ్రిల్లు మాస్టారు మైకులో బతిమాలుతుంటే, రెండో తరగతి పిల్లలు బిక్కమొహాలు వేసుకుని నాలుగు చరిచి ఊరుకున్నారు.

తన పందెం వచ్చేసరికి మిడత వరసలోంచి వచ్చి టీచరు చున్నీ పట్టుకుని లాగింది.

"టీచర్, మా నాన్న షాపులో కూర్చుని చూస్తాడు."

"చూడనీ. మంచిదేగా?"

"ఫస్టు రాకపోతే బెల్టు తీస్తాడు." బ్యాగులో పెన్సిలు లేదన్నంత మామూలుగా చెప్పింది.

 "నువ్వే ఫస్టు వస్తావులే, వెళ్ళి నిలబడు" అని టీచరు పంపేసింది.

ఈల మోగింది. టీచరు ఫోను ఎత్తి బటన్ నొక్కింది. మిడత పరుగు చూడాలి! తక్కినవాళ్ళు ఇంకా నాలుగడుగులు వెనక ఉండగానే అది రిబ్బను తెంపేసింది. టీచరు అంత మందిలో చిన్నపిల్లలా కేక పెట్టింది.

వీడియో పంపబోతూ ఒకసారి వేసి చూసుకుంది. పిల్లతో మాట్లాడుతున్నప్పుడే వేలు తగిలి రికార్డింగు మొదలైపోయింది. ఈల వినగానే తను నొక్కిన నొక్కుడు దాన్ని కాస్తా ఆపేసింది. అందులో ఉన్నవి తన చెప్పులు, కాస్త గడ్డి, మిడత గొంతు. పరుగు మాత్రం లేదు.

టీచరు ఫోను తీసుకెళ్ళి ఇస్తే, హెడ్‌మేడం దాన్ని చెవి దగ్గర పెట్టుకుని అంతా విన్నది. బెల్టు మాట దాకా విని, ఫోను తిరిగి ఇచ్చేసింది.

"ఇది చెరిపేయండి. వాళ్ళింటి గొడవలు మనకెందుకు?"

"మేడం, పాపే ఫస్టు. అందరం చూశాం కదా!"

"మనం చూస్తే సరిపోతుందా? వీడియో లేకుండా ప్రైజు ఇస్తే గ్రూపులో మనల్ని ఉతికేస్తారు. మళ్ళీ పరిగెత్తించండి. ఇంతకుముందు ఒకసారి అయిందని ఎక్కడా నోరు జారకండి."

టీచరు వీడియో చెరిపేసింది.

మిడత మళ్ళీ వెళ్ళి గీత దగ్గర నిలబడింది. కానీ ఉన్న సత్తువంతా మొదటిసారే ధారపోసేసింది. సగం దూరంలో ఒకసారి తూలింది. మూడోది వచ్చింది. ఈసారి వీడియో అద్దంలా వచ్చింది. ఒక్క నిమిషంలో గ్రూపులోకి వెళ్ళింది, ఆ వెంటనే టైర్ల షాపాయన చూసినట్టు టిక్కు పడింది.

బడి వదిలేసరికి ఆయన గేటు బయట బండి మీద ఉన్నాడు. టీచరు మిడత చెయ్యి పట్టుకుని దగ్గరికి వెళ్ళింది. దారంతా మాటలు కూర్చుకుంది.

"మీ పాప నిజానికి మొదట..."

"మొదటా? మూడోదని వీడియోలో కనబడుతుంటే మొదటంటారేంటి?" ఆయన బండి దిగాడు. "అంటే ఇంకోటేదో దాచారన్నమాట. ఆ వీడియో తీసింది ఎవరు? మీరేనా?"

వెనక నుంచి హెడ్‌మేడం గొంతు సవరించుకుంది. టీచరు చప్పున మాట మార్చేసింది.

"అబ్బే, అదేం లేదండీ. మొదట్లో కాస్త ముందుంది, అదే చెప్తున్నాను. పందెం ఒక్కసారే జరిగింది."

మిడత తలెత్తి టీచరు మొహంలోకి చూసింది. ఆ పిల్లకు మొహాలు చదవడం బాగా వచ్చు. చెయ్యి విడిపించుకుని వెళ్ళి తండ్రికీ టీచరుకీ మధ్య నిలబడింది.

"టీచర్ తప్పేం లేదు నాన్నా. నేనే సరిగ్గా పరిగెత్తలేదు. ఇంటికి పోదాం పద."

ఆయన ఇద్దరినీ మార్చి మార్చి చూసి, బండి ఎక్కాడు. పిల్ల వెనక ఎక్కి కూర్చుంది.

  అన్నిటికన్నా ముందు టీచరుకు అమ్మయ్య అనిపించింది. అలా అనిపించినందుకు అక్కడే భూమిలోకి కుంగిపోవాలనీ అనిపించింది. బండి కదిలింది. మిడత వెనక్కి తిరిగి, ఏం పర్లేదన్నట్టు ఆమెకు చెయ్యి ఊపింది.