బోల్టు మీద ఎర్ర గీత

స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్ పక్కకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని జీవరాజు కళ్ళు మూసుకున్నాడు. పొద్దున్నే కారును రోలర్ల మీదికి ఎక్కించి పట్టీలతో కట్టేశారు. చక్రాలు ఉన్నచోటే తిరుగుతున్నాయి. స్టీరింగ్ దగ్గర కిషన్ కూర్చున్నాడు. కారు అతనిదే, రేసులో నడిపేదీ అతనే. పక్కన స్టూలు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని షెకీనా అంకెలు మారుస్తోంది. కాలిన పెట్రోలు, కొత్త నూనె, వేడెక్కిన రబ్బరు కలిసిన వాసనతో షెడ్డు నిండిపోయింది.

"ఎట్లున్నది అంకుల్ ఆవాజ్?" కిషన్ అరిచాడు.

జీవరాజు బొటనవేలు పైకెత్తాడు. నిజంగానే బాగుంది. నాలుగు పిస్టన్లూ ఒకే పాట పాడుతున్నాయి. ఇంకా సగం వేగమే కాబట్టి పాడతాయి మరి.

బన్సీలాల్‌పేట్ సందులోని ఈ షెడ్డులో ఆయన ఇంజన్లు కట్టడం మొదలుపెట్టేనాటికి షెకీనా పుట్టలేదు. వాళ్ళ నాన్న పోయాక షెడ్డు ఆమె చేతికొచ్చింది. జీవరాజు మాత్రం అదే బల్ల దగ్గర, అదే ట్యూబులైటు కింద ఉండిపోయాడు. బక్కపలచని మనిషి. చొక్కాకి మెడ దాకా గుండీలు పెట్టుకుంటాడు, కళ్ళద్దాలకు దారం కట్టుకుంటాడు. ఎడమచేతి చూపుడువేలు కొస ఎప్పుడో ఫ్యాను బెల్టులో పోయింది. ఆదివారం చర్చికి వెళ్ళేటప్పుడు ఎంత రుద్దినా గోళ్ళ సందుల్లో నలుపు పోదు.

ఆయన భయస్తుడు. అది సందులో అందరికీ తెలుసు. లిఫ్టు ఎక్కడు. బేగంపేటలో రోడ్డు దాటాలంటే ఊరూపేరూ తెలియని మనిషి చెయ్యయినా పట్టుకుంటాడు. బల్లి కనబడితే భార్య రోసమ్మను కేకేస్తాడు. షెకీనా నాన్న నవ్వేవాడు గానీ, ఇంజన్ మాత్రం ఈ భయస్తుడి చేతికే ఇచ్చేవాడు. ధైర్యం ఉన్నవాడు ఒకసారి చూసి వదిలేస్తాడు, ఈయన మళ్ళీ మళ్ళీ చూస్తాడని ఆయన నమ్మకం.

ఈ ఇంజన్‌కి ఆ భయం చాలా అవసరం. దీనికి టర్బో లేదు. గాలిని లోపలికి నెట్టేవాళ్ళు ఉండరు, తన ఊపిరి తానే పీల్చుకోవాలి. బలం రావాలంటే వేగంగా తిరగడమొక్కటే దారి. నిమిషానికి తొమ్మిది వేల చుట్లు. ఒక్కో పిస్టన్‌కి ఒక్కో రాడ్డు, ఆ రాడ్డును కింద పట్టి ఉంచేవి రెండు బోల్టులు. మొత్తం ఎనిమిది. వాటిలో ఒక్కటి వదులుగా ఉన్నా ఆ వేగంలో రాడ్డు తెగి, ఇంజన్ గోడను చీల్చుకుని బయటికొస్తుంది. కాగుతున్న నూనె వేడి గొట్టాల మీద పడుతుంది. చాలా ఏళ్ళ కిందట వేరే షెడ్డులో అలా కాలిన మనిషిని జీవరాజు చూశాడు. ఆ తర్వాత కొన్నాళ్ళు ఆయనకు అన్నం సహించలేదు.

అందుకే ఒక పద్ధతి పెట్టుకున్నాడు. సరిపడా బిగువు రాగానే టక్కుమనే పానాతో బోల్టు బిగించాలి. టక్కుమన్నాక దాని తల మీద గోళ్ళ రంగుతో ఎర్రగా ఓ గీత గీయాలి. గీత ఉంటే బిగించినట్టు, లేకపోతే లేనట్టు. ఆ రంగు సీసాలు కొనేది రోసమ్మ. ఆవిడ తన గోళ్ళకు ఎన్నడూ రంగు పూసుకోలేదు. పూసుకుంటే పాస్టరమ్మ ఊరుకోదు. ఏ.ఎస్. రావు నగర్ ఫ్యాన్సీ షాపువాళ్ళు మాత్రం ఆవిడను చూడగానే కొత్త ఎరుపు తీసి చూపిస్తారు.

"భోంచేసి ఫుల్ స్పీడ్ పెట్టేద్దాం అంకుల్," అంటూ షెకీనా ఇంజన్ ఆపింది.

చేతులు కడుక్కుంటుంటే జీవరాజుకి బొటనవేలి మీద ఎర్ర మరక కనిపించింది. సబ్బుకి పోలేదు. దాన్ని గోటితో గీరుతుంటే మొన్నటి సంగతి గుర్తొచ్చింది. ఆఖరి బోల్టు దగ్గర ఉండగా రోసమ్మ ఫోన్ చేసింది. అప్పుడు ఆయన చేతిలో ఉన్నది పానా కాదు, బ్రష్షు.

బ్రష్షు ఉందంటే బిగించినట్టేగా! కానీ జీవరాజు గీరడం ఆపేశాడు. ఎందుకంటే ఈమధ్య ఆయన ఆ వరస మార్చాడు. ఏ బోల్టు దగ్గర ఉన్నాడో మధ్యలో మర్చిపోతున్నాడు. ఆ భయంతో ముందే గీత గీసి, తర్వాత బిగిస్తున్నాడు. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. పోయిన నెల చర్చిలో, చిన్నప్పటి నుంచి పాడే పాటలో రెండో చరణం రాక ఊరికే పెదవులు కదిపిన సంగతి కూడా చెప్పలేదు.

అన్నం బాక్సు తెరవకుండానే రోసమ్మకు ఫోన్ చేశాడు.

"మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు నేనేమన్నాను రోసీ?"

"ఏమంటారు? చెయ్యి ఖాళీ లేదు, ఒక్కటే మిగిలింది, అది బిగించేసి చేస్తానన్నారు. చేశారా? పాస్టరమ్మ ఎంతసేపు కూర్చుందో మీకోసం! ఏమండీ, ఉన్నారా?"

ఉన్నాడు. ఫోన్ పెట్టాక ఏం చేశాడో గుర్తు తెచ్చుకోవాలని తల పట్టుకుని ఉన్నాడు. ఇంజన్ దగ్గరికి తిరిగొచ్చి చూస్తే ఎనిమిదీ ఎర్రగా ఉన్నాయి. హమ్మయ్య అనుకున్నాడు. అడుగున నూనె ఛాంబర్ బిగించేశాడు. మధ్యలో పానా పట్టాడా? ఎంత వెతికినా ఆ చోటు ఖాళీగానే ఉంది.

చెబితే రోజూ తన బుర్రలో ఏం జరుగుతోందో అందరికీ తెలిసిపోతుంది. చెప్పకపోతే? బహుశా బిగించే ఉంటాడు. ఇన్నేళ్ళ చెయ్యి, దానంతటదే బిగించి ఉంటుంది. షెడ్డు గోడకు ఆనుకుని కిషన్ బిర్యానీ తింటూ ఫోన్‌లో కూతురికి ముద్దు ముద్దుగా ఏదో చెబుతున్నాడు. జీవరాజు బాక్సు పక్కన పెట్టి లేచాడు.

ముందు అబద్ధమే ఆడాడు. "పాపా, ఛాంబర్ దగ్గర నూనె కారుతోంది. ఒకసారి విప్పి ప్యాకింగ్ మారుస్తా."

షెకీనా టార్చి పట్టుకుని కారు కిందికి దూరింది. "పొడిగా ఉంది అంకుల్. ఎక్కడ కారుతోంది?"

"గిప్పుడు విప్పుడేంది అంకుల్! సాయంత్రం కారును రేసుకు తీస్కపోను ట్రక్కు వస్తది. జెర చూడుర్రి," అన్నాడు కిషన్, చెయ్యి కడుక్కుని సీటులో కూర్చోబోతూ.

జీవరాజు కారు తలుపు పట్టుకున్నాడు.

"ఎక్కొద్దు బాబూ. కారట్లేదు. అబద్ధం చెప్పాను. ఒక బోల్టు బిగించానో లేదో నాకు గుర్తు లేదు."

ముగ్గురూ కారును రోలర్ల మీంచి దించి లిఫ్టు మీదికి నెట్టారు. షెకీనాయే నూనె దించింది, ఛాంబర్ విప్పింది. లిఫ్టు మీద పైకి లేపిన కారు కింద ముగ్గురూ మెడలెత్తి చూశారు. రాడ్ బోల్టులన్నీ ఎర్రగా మెరుస్తున్నాయి. కిషన్ పెద్దగా నవ్వాడు.

"అన్నింటికీ రంగున్నది కదా అంకుల్! ఉత్తగ పరేషాన్ చేసిండ్రు."

"రంగును నమ్మొద్దు," అన్నాడు జీవరాజు. పానా తీసి షెకీనా చేతిలో పెట్టాడు. "నువ్వు చూడు పాపా. నా చెయ్యి వద్దు."

ఆమె మొదటి బోల్టుకి పానా వేసి లాగింది. అది కదలకుండానే టక్కుమంది. రెండోదీ అంతే. ఇంజన్‌ను చేత్తో కొంచెం కొంచెం తిప్పుకుంటూ ఒక్కొక్కటే చూసింది. జీవరాజు లోలోపల ప్రభువును పిలుస్తున్నాడు, ఇదీ టక్కుమంటే చాలు, ఇంకేమీ అడగనని.

ఆఖరి దానికి పానా టక్కుమనలేదు. కదిలింది. ఇంకా కదిలింది. చాలాసేపు కదిలినట్టు అనిపించాక టక్కుమంది.

కిషన్ నవ్వు ఆగిపోయింది. పక్కనున్న పాత టైరు మీద కూలబడి రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు. "నా బిడ్డ సుత రేసుకొస్తున్నది అంకుల్," అన్నాడు, అంతే. తిట్టి ఉంటే జీవరాజుకి కాస్త తేలిగ్గా ఉండేది.

షెకీనా ఎప్పటి అలవాటు కొద్దీ రంగు సీసా తెరిచి ఆయన ముందుకు చాపింది. జీవరాజు తల అడ్డంగా ఊపాడు. పాత గీత మీద ఆమే కొత్త గీత గీసింది. సీసా మాత్రం ఆయన తీసుకుని, మూత పెట్టి, బల్ల మీద తన చోటులో ఉంచాడు.

మళ్ళీ ఛాంబర్ బిగించి, నూనె పోసి, కారును రోలర్ల మీద కట్టేసరికి ఎండ వాలింది. ఆయన పని చొక్కా విప్పి మేకుకు తగిలించాడు. అన్నం బాక్సు మూత తియ్యకుండానే సంచిలో పెట్టుకున్నాడు.

"రేపు పొద్దున్నే వస్తారుగా అంకుల్?" షెకీనా గొంతులో బతిమాలుతున్నట్టు ఉంది.

"ఇంక రానమ్మా. వస్తే పని చెబుతావు. చెబితే కాదనలేను."

ఆమె కళ్ళు నిండిపోయాయి. జీవరాజు ఆమె తల మీద చెయ్యి వేసి, బయటికి నడిచాడు.

సందు మలుపులో ఇరానీ చాయ్ హోటలు దగ్గర ఉండగా వెనక ఇంజన్ లేచింది. ఆయన ఆగాడు. అరుపు పెరిగింది, సన్నబడింది, ఇంకా పైకెక్కింది. ఆ చివర, తొమ్మిది వేల దగ్గర, అది ఈల వేసినట్టు నిలబడింది. జీవరాజు సంచిని గుండెకు అదుముకుని గోడ పట్టుకున్నాడు. రాడ్డు తెగుతుందేమోనని ఒళ్ళంతా చెవులు చేసుకుని విన్నాడు. తెగలేదు. మెల్లగా దిగి, మామూలుగా గురగురమంది.

అప్పుడు నడిచాడు. తన సందు వచ్చాక ఇదేనా కాదా అని ఆగి, గుమ్మంలో రోసమ్మ కనబడ్డాక లోపలికి మళ్ళాడు.

ట్రక్కు కారును తీసుకుని వెళ్ళిపోయింది. షెడ్డులో ట్యూబులైటు ఆర్పబోతూ షెకీనా బల్ల వైపు చూసింది. ఎర్ర రంగు సీసా ఆయన పెట్టిన చోటే ఉంది. దాని మూత సగమే బిగించి ఉంది.