లాయరమ్మ గెలిచిన పోరు

ఆసుపత్రి రిసెప్షన్‌లో ఆమెను అందరూ లాయరమ్మ అనేవారు. నల్లకోటు మొహం ఎరగదు గానీ, నోరు విప్పిందంటే సూపరింటెండెంటు సైతం కుర్చీలో సర్దుకుని కూర్చునేవాడు. తోడికోడలికి అదే రిసెప్షన్‌లో ఉద్యోగం వేయించింది కూడా ఆ నోరే.

మహమ్మారి వచ్చింది. దగ్గుతూ, రొప్పుతూ వచ్చిన జనమంతా ముందుగా వాలేది ఈ రిసెప్షన్ ఆడవాళ్ళ బల్ల మీదే. డాక్టర్లకు నిలువెల్లా కప్పే సూట్లు, వీళ్ళకు తలా ఒక గుడ్డ మాస్కు. వీళ్ళలో పెద్దావిడ మంచమెక్కి మళ్ళీ లేవలేదు. ఆ కబురు తెలిసిన మర్నాడే లాయరమ్మ సూపరింటెండెంటు గది తలుపు తోసుకుని వెళ్ళింది.

"రోగులతో మాట్లాడే మెషిన్ ఉందటగా! అది తెప్పించండి. లేదంటే రేపట్నించి మేమెవరం రాం. మావి ప్రాణాలు కావా?"

మామూలు రోజుల్లో అయితే అలాంటి ఫైలు ఏళ్ళ తరబడి నానేది. భయం పుణ్యమా అని వారం తిరక్కుండా మెషిన్ దిగింది. వీళ్ళందరికీ ఇక ఇంటి నుంచే పని. ఆడవాళ్ళంతా లాయరమ్మను ఆకాశానికెత్తారు. తోడికోడలైతే ఫోన్లోనే ఏడ్చేసింది. "నా పిల్లకి తల్లిని మిగిల్చావక్కా!"

మెషిన్‌కు మాటలొచ్చు గానీ మనుషుల గోడు తెలియదు. అది వీళ్ళే ఇళ్ళల్లో కూర్చుని నేర్పారు. గుండెల్లో మంట అన్నవాళ్ళందరినీ గుండె డాక్టరు దగ్గరికి తోలకూడదని, సిగ్గుపడి 'నీరసం' అని ఊరుకునే ఆడవాళ్ళను ఇంకో రెండు ప్రశ్నలు అడగాలని చెప్పారు. ఎంత బాగా నేర్పితే అంత త్వరగా గండం గడుస్తుందని ఒళ్ళు దాచుకోకుండా నేర్పారు. అంత బుద్ధిగల శిష్యుడు ఏ గురువుకూ దొరకడు. ఒకసారి దిద్దిన తప్పు మళ్ళీ చేసేది కాదు.

జబ్బు పోయింది. మాస్కులు పోయాయి. మెషిన్ మాత్రం పోలేదు.

"మీరడిగిందేగా అమ్మా," అన్నాడు సూపరింటెండెంటు, కుర్చీలో వెనక్కి వాలి. "దాంతో మాట్లాడలేని ముసలివాళ్ళ కోసం ఒక్క కుర్చీ ఉంచుతున్నాం. అది మీకే. మిగతావాళ్ళకి మీరే నచ్చజెప్పండి."

అంతటి నోరూ ఆరోజు 'సరే' అనేసింది. భర్త ఉద్యోగం అప్పటికే ఊడింది. ఆమె తలూపి వచ్చేసింది. తోడికోడలికి ఆ మాట చెప్పాలని రోజూ ఫోన్ తీసి మళ్ళీ పక్కన పెట్టేసేది. చివరికి ఆ మాటేదో ఆసుపత్రి పంపిన ఉద్వాసన కాగితమే చెప్పింది. లాయరమ్మకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా మర్నాడు తల దువ్వుకుని డ్యూటీకి వెళ్ళింది.

కొన్నాళ్ళకు తోడికోడలు జ్వరంతో ఉన్న పిల్లను భుజాన వేసుకుని వచ్చింది. మెషిన్ ముందు క్యూ గుమ్మం దాకా ఉంది. లాయరమ్మ ముందు ఎవరూ లేరు. తోడికోడలు వెళ్ళి క్యూ చివర నిలబడింది.

లాయరమ్మ లేచి గబగబా వెళ్ళింది. "ఇలా రావే, క్షణంలో పంపిస్తాను. పిల్ల ఒళ్ళు చూడు, కాలిపోతోంది!"

తోడికోడలు తల తిప్పలేదు.

"వద్దులే అక్కా. మమ్మల్ని కాపాడటానికేగా దీన్ని తెప్పించావు. కాపాడనీ."

క్యూ కదిలింది. ఆమె పిల్లను రెండో భుజానికి మార్చుకుని ముందుకు జరిగింది.