ముద్దుగా అడిగితేనే

వంటగదిలో వీల్‌చెయిర్ పక్కకు ఒరిగి ఆమె కింద పడింది. పొయ్యి మీద మూకుడులో నూనె పొగలు కక్కుతోంది. పొయ్యి చేతికి అందదు. ఫోన్ పక్కగదిలో మంచం మీద ఉంది.

"బుడ్డోడా, ఫోన్ తే!" అని అరిచింది.

బుడ్డోడు ఆమె స్వయంగా పని నేర్పుతున్న కుక్క. బెదిరి బల్ల కిందికి దూరాడు. శిక్షణలో ఆమె ఎప్పుడూ ముద్దు చేస్తూనే చెప్పింది. ఈ గొంతు వాడికి కొత్త.

ఆమె నవ్వు తెచ్చుకుంది. "మా బుజ్జి నాన్న కదూ! ఫోన్ తెచ్చిపెట్టవూ?"

బుడ్డోడు తోకాడిస్తూ వెళ్లి ఫోన్ తెచ్చాడు. మేడమీది అక్కకు చేసింది. గొంతులో ఆ గారాబం ఇంకా పోలేదు.

"అక్కా, ఒక్కసారి కిందికి రావే!"

"ఏంటే ఆ ముద్దుమాటలు? నాకు బోలెడు పనుంది."

"పడిపోయానే! నూనె అంటుకునేలా ఉంది!" ఈసారి గొంతు చించుకుంది.

అక్క మెట్లు దూకుతూ వచ్చి పొయ్యి ఆర్పేసింది.