బ్యాగులో చెప్పులు

జిప్పు పోయిన బ్యాగును మంచం మీద పెట్టుకుని కదిరమ్మ ఒక్కొక్కటే సర్దుతోంది. రెండు చీరలు, రెండు రోజులకు సరిపడా మాత్రలు, కూతురు శశికి కొన్న పచ్చ గౌను, చెనిక్కాయ ఉండల డబ్బా. అన్నిటికన్నా పైన, కాగితంలో చుట్టి, కొత్త చెప్పులు పెట్టింది.

గడపలో కూర్చున్న హనుమక్క చూపు ఆ చెప్పుల మీదే ఆగింది.

ఇద్దరూ బత్తలపల్లెలో బుధవారం బుధవారం కూడే సంఘంలో జత. మనసు చెదిరి, మందులతో తేరుకున్నవాళ్లే ఆ సంఘమంతా. అక్కడొక కట్టుబాటు ఉంది. జబ్బు తిరగబెట్టే ముందు తనలో ఏ గుర్తు కనబడుతుందో ఎవరికి వారు తమ జతకు చెప్పిపెట్టాలి. అది కంటబడితే జత వెంటనే సంఘం నడిపే జాకబ్‌కు ఫోన్ చేయాలి. కదిరమ్మ చెప్పిన గుర్తు, చెప్పులు వేసుకోకపోవడం. మూడేళ్ల కింద, భూమికి జ్వరమొచ్చిందనీ, చెప్పులతో తొక్కితే దానికి నొప్పనీ, మిట్టమధ్యాహ్నం వట్టికాళ్లతో రాప్తాడు దాకా నడిచింది. అరికాళ్లు బొబ్బలెక్కాయి. అప్పుడే అత్త వచ్చి శశిని తాడిపత్రికి తీసుకుపోయింది. బాగైంటే వచ్చి బిడ్డను చూసుకోమని ఇన్నాళ్లకు కబురు పెట్టింది.

"చెప్పులు బ్యాగులో పెడతాండావేమే?" అంది హనుమక్క, గొంతు మామూలుగా ఉంచుకుని.

"కొత్తవి గదక్కా. ఈ దుమ్ములో ఏసుకుంటే పాతబడవా? ఆడ దిగినాంక ఏసుకుంటా. మా అత్త నన్ను కింద నుంచి పైదాకా చూస్తాది."

"మీ అత్తవి కండ్లా, ఎక్స్‌రే మిషనా?"

కదిరమ్మ పకపకా నవ్వింది. ఆ నవ్వు బాగానే ఉంది. మాటా బాగానే ఉంది. హనుమక్క లేచి వచ్చి ఉండల డబ్బా మూత గట్టిగా నొక్కింది.

తనకూ ఒక గుర్తుంది. ఒంటరిగా ఉంటూ రెండు కంచాల్లో అన్నం పెట్టుకోవడం. మొన్న కార్తీకంలో తమ్ముడు సుంకప్ప వస్తాడని రెండో కంచం పెడితే, కదిరమ్మ చూసి భయపడి జాకబ్‌కు ఫోన్ చేసింది. ఆసుపత్రికి తీసుకుపోవడానికి జాకబ్ ఆటో తెచ్చాడు. వీధంతా వాకిళ్లలోకి వచ్చి నిలబడింది. అంతలో సుంకప్ప రానే వచ్చాడు. కదిరమ్మ హనుమక్క కాళ్లు పట్టుకుని ఏడ్చింది. అయినా ఆ వీధిలో తలెత్తుకోవడానికి హనుమక్కకు రెండు నెలలు పట్టింది. ఒకసారి జబ్బు పడ్డవాళ్లు నవ్వినా అనుమానమే, కోప్పడినా అనుమానమే. ఈ రోజు జాకబ్‌కు చెబితే ప్రయాణం ఆగిపోతుంది. బాగుకాలేదన్న మాట తాడిపత్రికి చేరితే ఆ తలుపు మళ్లీ తెరుచుకోదు.

బస్టాండు దాకా కదిరమ్మ వట్టికాళ్లతోనే నడిచింది. తారు రోడ్డు కాలుతోంది. ఆమె అడుగు గబగబా పడటం లేదు. నిద్రపోతున్న బిడ్డ పక్క నుంచి నడిచినట్టు మెల్లగా పడుతోంది. హనుమక్క బొడ్లో నుంచి ఫోన్ తీసింది.

బస్సెక్కి కిటికీ దగ్గర కూర్చున్న కదిరమ్మ చూసింది. "జాకబన్నకు చేస్తాండావా అక్కా?"

"లేదులేమ్మే. టైము చూస్తాండా."

"నాకు బాగుండాదక్కా. నువ్వన్నా నమ్ము."

"నమ్మినాను. బుధవారానికి వచ్చేయల్ల."

"వస్తా. శశి ఫోటో తెస్తా."

బస్సు కదిలింది. ఫోన్ హనుమక్క చేతిలోనే ఉంది. జాకబ్ నెంబరు పైన వేలు పెట్టి, తీసేసింది.

బుధవారం సంఘంలో కదిరమ్మ కుర్చీ ఖాళీగా కనబడ్డాక గానీ హనుమక్క నోరు విప్పలేదు. జాకబ్ తాడిపత్రికి ఫోన్ చేశాడు. తన కోడలు రానే లేదని అత్త అంది. దారిలో ఒక స్టాపు దగ్గర, అరుగు మీద బ్యాగు దొరికింది. గౌను ఉంది, మాత్రలు ఉన్నాయి. చెప్పులకు చుట్టిన కాగితం విప్పలేదు. పోలీసులు వెతికారు, సంఘమంతా ఊరూరా తిరిగింది.

కదిరమ్మ తిరిగి రాలేదు. ఆమె బస్సెక్కింది రెండువేల ఇరవై నాలుగు మార్చి పదకొండు, సోమవారం.